డిజైర్ స్టీరింగ్‌కి మేకతోలు: ఎలక్షన్ల నించి కనుమ దాకా

మే 19, 2024, ఆదివారం

ఎలక్షన్ అయ్యి వారం కూడా కాలేదు, చెరువుల మీద తిరగడం మళ్ళీ మొదలెట్టాం. ఎండ మండిపోతుంది, కారెక్కి స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి అంటుకుపోతుంది. కాలడం కాదండోయ్, కాలడం అయితే ప్రతి వేసవీ అలవాటే, ఇది అంటుకోవడం. పనసకాయ కోసి నూనె రాసుకోకుండా వచ్చినవాడి చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

కారు 2012 డిజైర్, ఎల్‌డీఐ, డీజిల్. లక్షా అరవై వేలు తిరిగింది. ఇంజన్‌కి ఢోకా లేదు. నా పని రొయ్యల చెరువుల్లో నీళ్ళు టెస్ట్ చేసి పీహెచ్ (నీళ్ళు ఎంత పులుపు, ఎంత క్షారం అనే కొలత) ఎంతుంది, అమ్మోనియా ఎంతుంది అని రైతుకి చెప్పడం. పాలకొల్లులో పొద్దున్నే బయల్దేరితే నర్సాపురం, మొగల్తూరు, మళ్ళీ భీమవరం, రోజుకి పదిసార్లు దిగడం పదిసార్లు ఎక్కడం. దిగినప్పుడల్లా చేతికి ఉప్పునీళ్ళు, సున్నం, మేత వాసన. అవన్నీ తుడుచుకునేది ఎక్కడ? స్టీరింగ్‌కే.

నాలుగేళ్ళ కింద ఫ్యాన్సీ షాపులో నల్ల రబ్బరు కవర్ ఒకటి కొని తొడిగాను, 250 రూపాయలు. మొన్న మంగళవారం కాలవ గట్టు మీద మలుపు తిప్పుతుంటే చేతుల్లో కవర్ తిరిగింది, స్టీరింగ్ తిరగలేదు. అర సెకనే అనుకోండి, కానీ పక్కన కాలవ. ఇంటికొచ్చి బ్లేడుతో కోసి పీకేస్తే కింద అసలు స్టీరింగ్ మొత్తం జిగట, వేలు పెడితే నల్లగా వస్తుంది. మా మెకానిక్ చూసి, ఇది పాలీయురేథేన్ అండి, ఒక రకం ప్లాస్టిక్, గాలిలో తేమకి ఇదే లోపల్నించి విడిపోతుంది, మన ఏరియాలో అన్ని పాత కార్లకీ ఇంతే, అన్నాడు. పైగా కవర్ కింద చెమట, తేమ నాలుగేళ్ళు మూతేసి ఉంచాను. ఊరగాయ జాడీకి కూడా అంత గట్టిగా మూత పెట్టరు.

కొత్త స్టీరింగ్ వేయిద్దామంటే అదీ ఇదే సరుకు, మళ్ళీ ఇదే కథ. తోలు కుట్టిద్దామని డిసైడ్ అయ్యాను. కుట్టిద్దామనే అనుకున్నాను, కుడదామని అప్పటికి లేదు.

మే 26

ఆన్‌లైన్‌లో సూదీ దారం కూడా ఇచ్చే కవర్ ఒకటి తెప్పించా, 650. మీద 'జెన్యూన్ లెదర్' అని ముద్ర. సైజు 38 సెంటీమీటర్లు, అన్ని కార్లకీ సరిపోతుందట. అన్నిటికీ సరిపోయేది ఏదీ దేనికీ సరిపోదు అని అప్పుడే అనుమానం రావాలి నాకు.

టేపు పెట్టి చూస్తే నా స్టీరింగ్ అడ్డంగా 37. ఒక్క సెంటీమీటరే కదా అనుకోకండి, చుట్టూ తిరిగి వచ్చేసరికి అది 3 సెంటీమీటర్ల పైన వదులు. మధ్యాహ్నమంతా కూర్చుని కుట్టాను, కుట్టాక చూస్తే పైభాగం బానే ఉంది, లోపలి వైపు ముడతలు ముడతలు, ముసలి ఏనుగు చర్మం. కుడిచేతి వైపు గట్టిగా పిండితే కదులుతుంది కూడా. మిగిలిన ముక్క కత్తిరించి వెనక చూశా. గుడ్డ! అల్లిన గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. అగ్గిపుల్ల పెడితే కరిగి ఉండ కట్టింది. తోలైతే ఉండ కట్టదు, వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది.

650 గోవిందా. పీకేశాను.

జూన్ 2

బస్టాండ్ దగ్గర చెట్టు కింద చెప్పులు కుట్టే బాబాయ్ ఉన్నాడు, నా ఆఫీసు బూట్లు ఎప్పుడూ ఆయన దగ్గరే. పీకేసిన కవర్ తీసుకెళ్ళి చూపించా. అటు ఇటు తిప్పి, రెండు చేతుల్తో లాగి చూసి, నవ్వాడు.

"ఇది లాగితే సాగదు కదండి బాబూ. సాగనిది గుండ్రటి దానికి ఎలా కూర్చుంటాది? తోలన్నాక సాగాలి, సాగదీసి కట్టాలి, అప్పుడది పట్టుకుంటాది."

"నువ్వు కుట్టిపెట్టు బాబాయ్, ఎంతంటే అంత ఇస్తా."

"నాకు కళ్ళు ఆనట్లేదండి ఇప్పుడు. అయినా ఇందులో ఆరె పెట్టి పొడిచే పని తక్కువ, అల్లే పని ఎక్కువ. మీ ఇళ్ళలో లేసు అల్లేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ చేతికి వస్తాది."

ఈ మాట దగ్గరే మొత్తం ప్రాజెక్టు తిరిగింది. మా పిన్నిది నర్సాపురం. ఊహ తెలిసిన దగ్గర్నించీ ఆవిడ చేతిలో లేసు అల్లిక లేకుండా చూడలేదు, టీవీ చూస్తూ, మాట్లాడుతూ, అన్నం ఉడికేలోపు కూడా అల్లుతూనే ఉంటుంది. ఈ ఏడాదే నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర) కూడా వచ్చింది, వచ్చింది గానీ రేటు ఏమైనా పెరిగిందా పిన్నీ అంటే, సర్టిఫికెట్టు అల్లుకుంటామా ఏంట్రా, అంది.

లెక్క ఒకటి రాసుకున్నా ఇంటికొచ్చి. స్టీరింగ్ బయటి అంచు చుట్టుకొలత 116 సెంటీమీటర్లు. రిమ్ము మందం 3, అంటే లోపలి అంచు అడ్డం 31, చుట్టూ 97. ఒకే పట్టీ బయట 116 దాకా సాగాలి, లోపల 97 కి కుదించుకోవాలి. గుడ్డ మీద ప్లాస్టిక్ అయితే ఇది చెయ్యలేదు, ముడత పడుతుంది. బాబాయ్ టేపు లేకుండా చెప్పేశాడు ఇదే మాట.

జూన్ 16

తోలు ఎంపిక. ఇక్కడ ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఎక్కువ బుర్ర తిన్నది ఇదే.

మా బావ చెన్నైలో ఉద్యోగం. పెరియమేడులో తోలు కొట్లు వరసగా ఉంటాయి, అంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో ఊనిన, అంటే పచ్చితోలుని కుళ్ళకుండా పదును పెట్టిన సరుకంతా అక్కడ దొరుకుతుంది, చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. బావకి ఫోన్ చేసి ఒక తోలు పట్రా అన్నా. ఏ తోలు అన్నాడు. తోలుకి ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు!

ముందు ఇంట్లో పంచాయితీ. అమ్మ వినేసింది. "ఆవుతోలు ఆ కారుకి వేస్తే నేను ఎక్కను, అన్నవరం కూడా తీసుకెళ్ళకు." సరే, ఆవు అవుట్. మిగిలింది గేదె, మేక, గొర్రె. గేదెతోలు గరుకు, రంధ్రాలు పెద్దవి, మందం ఎక్కువ, దాన్ని పలచగా చీల్చాలి. గొర్రెతోలు మెత్తగా వెన్నలా ఉంటుంది, చెయ్యి పెడితే తియ్యబుద్ధి కాదు, కానీ గట్టిగా లాగితే చిరుగుతుంది, నేను చేసేదే లాగడం. మేకతోలు పైన గీతలు, రంధ్రాలు సన్నగా ఉంటాయి, పలచగా ఉన్నా గట్టిది. చిన్న చర్మం అంటారు గానీ నేను వేసేది నాలుగు ముక్కలు, ఒక్కోటి ముప్పై సెంటీమీటర్లకి అటూ ఇటూ, ఐదారు అడుగుల తోల్లో శుభ్రంగా వచ్చేస్తాయి. మేక ఖాయం.

తర్వాత ఊనిన పద్ధతి. చెట్ల బెరడు రసాలతో ఊనింది, క్రోమియంతో ఊనింది అని రెండు. బెరడుది వాసన బావుంటుంది, బెల్టులకి, సంచులకి రాజా, కానీ చెమటకి నల్లబడుతుంది, తడిసి వేడెక్కితే ముడుచుకుపోతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు బిగించిన కారు లోపల డ్యాష్‌బోర్డు ఎంత కాలుతుందో వేరే చెప్పాలా. కాబట్టి క్రోమ్. మందం 1 మిల్లీమీటర్ దగ్గర. జాకెట్లకి వాడే 0.6, 0.7 తోళ్ళు స్టీరింగ్‌కి పనికిరావు, ఉంగరం తగిలితే లేచిపోతాయి. 1.4 దాటితే మలుపుల దగ్గర మడత పడదు, స్టీరింగ్ లావెక్కి చేతికి పట్టు ఉండదు.

బావ ఫోటోలు పెట్టినప్పుడు నాలుగు పరీక్షలు చెయ్యమన్నా. ఒకటి, వెనక తిప్పి చూడు, పీచు పీచుగా ఉండాలి, గుడ్డ ఉండకూడదు. రెండు, తడి తెల్ల రుమాలుతో ఇరవైసార్లు రుద్దు, రంగు దిగితే వద్దు, రేపు నా చొక్కా చేతులకి దిగుతుంది. మూడు, నీటి చుక్క వెయ్యి, ముత్యంలా నిలబడిందంటే పైన రంగు పూత గట్టిగా ఉన్నట్టు, వెంటనే పీల్చేస్తే పూతే లేనట్టు. నాలుగు, అటు లాగు ఇటు లాగు, వెన్నుపూస వెంట తక్కువ సాగుతుంది, పొట్ట దగ్గర ఎక్కువ సాగుతుంది, పొట్ట ముక్క నాకొద్దు. కొట్టువాడు బావని తోలు డాక్టరు అనుకున్నాడట.

రెండు తోళ్ళు మిగిలాయి. ఒకటి నల్లది, పూత గట్టిది, నీటి చుక్క నిలబడింది. ఇంకోటి బెల్లం రంగు, చుక్క రెండు నిమిషాలకి మెల్లగా దిగింది, అంటే పూత పలచన. బావ క్లియర్‌గా చెప్పాడు: "నల్లది తీసుకో, నీ చెరువుల పనికి అదే కరెక్టు, ఇది మరకలు పట్టేస్తుంది." నిజమే. కానీ ఆ బెల్లం రంగు ఫోటోలోనే చేతికి తగులుతున్నట్టు ఉంది. తీసుకున్నా. అడుగు 170, ఆరు అడుగులు, 1020 రూపాయలు. ఈ నిర్ణయం తర్వాత నన్ను కాటేస్తుంది, అక్కడికి వస్తా.

సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో భీమవరం టౌన్‌లో దిగాడు బావ, చంకలో చుట్టిన తోలు. డోర్ తీసి కార్లో పెట్టగానే కొత్త బూట్ల వాసన.

జూన్ 23

నమూనా తయారీ. స్టీరింగ్‌కి వంటింటి ప్లాస్టిక్ రేపర్ చుట్టి, దాని మీద పేపర్ టేపు రెండు వరసలు అంటించి, పెన్నుతో కుట్టు ఎక్కడ రావాలో గీతలు గీసి, బ్లేడుతో ఆ గీతల వెంట కోసి తీసేస్తే నాలుగు తొడుగుల్లా వస్తాయి. బల్ల మీద చదును చేసి అట్ట మీద పెట్టి గీసుకోవాలి. మూడు చువ్వల స్టీరింగ్ కాబట్టి పైది ఒకటి, పక్కలవి రెండు, కిందది ఒకటి.

చేత్తో పట్టుకునే రిమ్ము లావు చుట్టూ కొలిస్తే 9.6 సెంటీమీటర్లు వచ్చింది. తోలు మాత్రం 9.2 కే కోశాను, ఆ 4 మిల్లీమీటర్లూ లాగి కలపాలి. ఇదే కీలకం అండి, రెండు అంచులూ హాయిగా కలిశాయంటే అది వదులన్నట్టే. పాత ప్లాస్టిక్ కవర్ ముక్కతో ఒకసారి ట్రయల్ చూసుకున్నా, 650 లో ఓ పాతిక రూపాయలు అలా వసూలు.

కోసిన ముక్కల అంచులు వెనక వైపు గీకి పలచన చెయ్యాలి, లేకపోతే అతుకు దగ్గర చేతికి గట్టు తగులుతుంది. ఈ పని బాబాయే చేసిపెట్టాడు, తోలు కత్తి ఒక పక్కకి వాల్చి, ఉల్లిపొర లేచినట్టు లేపాడు. చాయ్‌కి తప్ప డబ్బులు తీసుకోలేదు.

సీటు కవర్లు కుట్టే కుర్రాడి దగ్గర మిషన్ మీద నాలుగు ముక్కలూ ఒక వలయంలా కలిపించి, రెండు అంచుల వెంటా 5 మిల్లీమీటర్ల కుట్టు ఒక వరస వేయించా. ఆ కుట్టు అందానికి కాదు, తర్వాత చేత్తో అల్లే దారం ఆ కుట్ల కిందనించే దూరుతుంది, తోలుకి కొత్త బెజ్జాలు పెట్టే పని ఉండదు, తోలు చిరగదు.

జూన్ 30

స్టీరింగ్ ఊడదియ్యడం. నాది ఎయిర్‌బ్యాగ్ లేని కారు, అందుకే ధైర్యం చేశాను. 2019 జులై 1 నించి వచ్చిన కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, అలాంటి కార్లున్నవాళ్ళు స్టీరింగ్ మధ్యలో చెయ్యి పెట్టొద్దు. మధ్య మూత మీద ఏ తోలూ కుట్టొద్దు, స్టిక్కర్ కూడా వద్దు. కార్లో ఉండగానే రిమ్ముకి మాత్రం కుట్టించుకోండి, తియ్యాల్సి వస్తే బ్యాటరీ తీసి ఆగి చేసే పని తెలిసినవాడే తియ్యాలి.

హారన్ మూత తీసి, నట్టు వదులు చెయ్యకముందే షాఫ్ట్ మీదా స్టీరింగ్ మీదా మార్కరుతో ఒకే గీత గీశాం. గీత మర్చిపోతే తిరిగి బిగించాక కారు తిన్నగా పోతుంటే స్టీరింగ్ వంకరగా ఉంటుంది. ఇంకోటి, నట్టు పూర్తిగా తీసెయ్యకూడదు, రెండు మరలు ఉంచి స్టీరింగ్ లాగాలి. మెకానిక్ ఈ మాట చెప్పకపోతే నా ముక్కు ఉండేది కాదు, ఎందుకంటే అది ఊడినప్పుడు ఒక్కసారిగా ఊడింది, ఆ నట్టే ఆపింది.

జిగట తియ్యడానికి స్పిరిట్ గుడ్డతో ఆరుసార్లు తుడిచా, ఆరు గుడ్డలూ నల్లబడ్డాయి. తర్వాత సన్నటి ఎమెరీ కాగితం. ఒకపూట పట్టింది, రాయడానికి ఏం లేదు, విసుగు తప్ప.

జులై 7

ఆషాఢం వచ్చింది, కొత్త పనులు మొదలెట్టకు అంది అమ్మ. ఇది మేలో మొదలెట్టిందే కదమ్మా అన్నా.

స్టీరింగ్ ఒళ్ళో పెట్టుకుని నర్సాపురం వెళ్ళాను, నిజంగానే, తమ్ముడి బండి వెనక కూర్చుని, ఒళ్ళో స్టీరింగు. రోడ్డు మీద ఒకాయన, కారేదండి, అని అడిగాడు.

దారం దగ్గర ఒక తప్పు చేశాను ముందే చెప్తా. రేవు దగ్గర వలలు అల్లే నైలాన్ తాడు దొరుకుతుంది, గట్టిది, ఉప్పునీళ్ళలో ఏళ్ళు ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలి అనుకుని కొన్నా. పిన్ని రెండు కుట్లు వేసి ఆపేసింది. "ఇది ముడి నిలవట్లేదురా, జారిపోతంది. పైగా సన్నగా గట్టిగా ఉంది, లాగితే తోలుని కోసేస్తది." నూలు దారమా అంటే అది చెమటకి కుళ్ళిపోతుంది. చివరికి మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.8 మిల్లీమీటర్ల మందం, అది బావ చేత ముందే తెప్పించి ఉంచా కాబట్టి బతికిపోయా.

తోలు వలయాన్ని పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డలో చుట్టి ఉంచాం, కొద్దిగా మెత్తబడి సాగుతుంది. రిమ్ముకి తొడిగేటప్పుడు ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని బలంగా లాగాం, చిన్నపిల్లాడికి బిగుతు బనీను తొడిగినట్టు. తొడిగాక అతుకులు చువ్వలకి ఎదురుగా వచ్చాయో లేదో చూసుకుని, చువ్వల దగ్గర అంచులకి మాత్రమే ఫెవికాల్ ఎస్‌ఆర్ అనే రబ్బరు జిగురు రాశా. మొత్తం జిగురు పూసేస్తే లాగి సరిచేసుకునే వీలుండదు, ఎండకి మెత్తబడితే ఒక్కో చోట ఉబ్బుతుంది.

కుట్టడం మొదలు. ఒకే దారం, రెండు చివర్లా రెండు మొద్దు సూదులు, పాదరక్షల లేసు కట్టినట్టు అటూ ఇటూ దాటుతూ, మిషన్ కుట్టు కిందనించి పైకి. కుట్టేది లోపలి వైపు, డ్రైవర్‌కి కనపడని వైపు. ప్రతి నాలుగు కుట్లకీ ఒకసారి లాగి బిగించాలి. ప్రతి కుట్టుకీ లాగితే చెయ్యి పడిపోతుంది, పది కుట్లు వేసి లాగితే మొదటివి బిగుసుకోవు.

పిన్ని రెండు నిమిషాలు చూసింది, "ఓస్ ఇదేనా," అంది. ఆవిడ వేళ్ళకి బిగువు తెలుసు. నేను ప్రతిసారీ అంచులు కలిశాయా లేదా అని కళ్ళతో చూస్తున్నా, ఆవిడ చూడట్లేదు, దారం వేలి మీద ఎంత బరువుగా ఉందో దాన్ని బట్టి ఆపుతుంది. దాదాపు 170 కుట్లు, ఆవిడ 130 వేస్తే నేను 40 వేశా, ఎడమ చువ్వ దగ్గర్నించి కింద దాకా నాది. మూడున్నర గంటలు, మధ్యలో చేపల పులుసు. చేతులు కడుక్కోకుండా ముట్టుకుంటే తంతానంది.

జులై 21

రెండు వారాలైంది బిగించి. మొదటి రెండ్రోజులు నీడలోనే ఆరనిచ్చాం, ఎండలో పెట్టలేదు. ఆరేకొద్దీ ముడుచుకుని ఇంకా బిగిసింది, లోపలి వైపు ముడత ఒక్కటి లేదు. చెయ్యి పెడితే చల్లగానూ కాదు వేడిగానూ కాదు. గతుకుల రోడ్డు మీద వేళ్ళు వదులుగా పట్టుకున్నా జారట్లేదు.

కారు ఆపినప్పుడు స్టీరింగ్ పైన తుండు కప్పుతున్నా. కొబ్బరిచెట్టు నీడ ఉంది కదా అంటారు, ఆ నీడలో పెట్టి అద్దం పగలగొట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ఆగస్టు 18

వాన, ముసురు, వారంగా కారు తియ్యలేదు. తీస్తే కింది భాగంలో తెల్లటి బూజు. కంగారు పడ్డా. పొడిగుడ్డతో బయటే దులిపి, కొద్దిగా తడి గుడ్డతో తుడిచి, రెండు డోర్లూ తీసి ఫ్యాను పెట్టా. పోయింది. పైపైనే పట్టింది, మచ్చ పడలేదు.

వచ్చిన ప్రతివాడి సలహా ఒకటే: కొబ్బరినూనె రాయి. కోనసీమ పక్కన పుట్టినోళ్ళం, గుమ్మం కిర్రుమన్నా కొబ్బరినూనే, జుట్టుకీ కొబ్బరినూనే. స్టీరింగ్‌కి మాత్రం వద్దండి బాబూ. పూత ఉన్న తోలు దాన్ని సరిగా తాగదు, పైనే నిలుస్తుంది, దుమ్ము పట్టి నల్లగా మెరుస్తుంది, అన్నిటికంటే ముందు చెయ్యి జారుతుంది. డ్యాష్‌బోర్డుకి కొట్టే మెరుపు స్ప్రే కూడా అంతే. స్టీరింగ్ మెరుస్తుందంటే బావుందని కాదు, చేతి జిడ్డు పేరుకుందని. శుభ్రంగా ఉన్న తోలు మెరవదు.

నేను చేసేది ఇంతే. వారానికోసారి గట్టిగా పిండిన మెత్తటి తడి గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. నెలకోసారి తోలు క్లీనర్ నురగ. మూడు నెలలకోసారి తోలు క్రీము, బఠాణీ గింజంత, రాసి పది నిమిషాలాగి తుడిచెయ్యడం. శానిటైజర్ ముట్టుకున్న చెయ్యి ఆరేదాకా స్టీరింగ్ పట్టుకోను, స్పిరిట్ పూతని తినేస్తుంది, జిగట తియ్యడానికి నేను వాడిందే అది.

అక్టోబర్ 12, శనివారం, విజయదశమి

అయ్యింది. నేను స్నానం చేసి వచ్చేలోపు అమ్మ కారుకి పూజ చేసేసింది. నిమ్మకాయలు టైర్ల కింద, బానెట్ మీద స్వస్తిక్, స్టీరింగ్ మీద మూడు చోట్ల తడి పసుపు రాసి బొట్లు. ఒకటి సరిగ్గా పైన, మధ్యలో. బెల్లం రంగు తోలు, పూత పలచన, రెండు నిమిషాల్లో నీళ్ళు తాగే తోలు.

పండగ పూట ఏమంటాం. సాయంత్రం దాకా ఆగా.

అక్టోబర్ 13

ఉదయం పొడిగుడ్డతో దులిపితే కుంకం పోయింది, పసుపు దిగిపోయింది లోపలికి. ఆత్రం కొద్దీ ఒళ్ళు రుద్దుకునే సబ్బు నురగ చేసి రుద్దా. రుద్దగానే పసుపు మచ్చ ఎర్రగా అయిపోయింది! రక్తం మరకలా. గుండె ఆగినంత పనైంది, తోలు కాలిపోయిందనుకున్నా.

అమ్మ వచ్చి చూసి, "పసుపులో సున్నం పడితే ఎర్రబడదేంట్రా, దిష్టి నీళ్ళు చూళ్ళేదా ఎప్పుడూ," అంది.

బుర్ర అప్పుడు వెలిగింది. రోజుకి ఇరవై చెరువుల్లో పీహెచ్ చూసేవాణ్ణి నేను! పసుపే పీహెచ్ కాగితం, క్షారం తగిలితే ఎరుపు. అంటే ఈ సబ్బు క్షారం. కార్లోనే ఉన్న స్ట్రిప్స్ తీసి ఇంట్లో ఉన్నవన్నీ చూశా: ఒంటి సబ్బు 9 దాటింది, బట్టల పౌడరు 10 దాటింది, పిల్లల షాంపూ 6 దగ్గర, తోలు క్లీనర్ 6 లోపే. రొయ్యకి 7.5 నించి 8.5 ఉంటే హాయి. క్రోమ్ తోలు పులుపు మనిషి, దాని ఒంట్లో ఉండేది 4 దరిదాపుల్లో. రొయ్యకి పనికొచ్చే నీళ్ళు తోలుకి ఎక్కువే, ఇక సబ్బు నీళ్ళు సంగతి చెప్పేదేముంది. రోజూ సున్నం చల్లిన చేతుల్తో స్టీరింగ్ పట్టుకుంటున్నా అని కూడా అప్పుడే తట్టింది, ఆ రోజు నించి కార్లో ఒక సీసా మంచినీళ్ళు, తుండు. చెయ్యి కడిగాకే తాళం తిప్పడం.

ఎరుపు సంగతి. గ్లాసు నీళ్ళలో అర చెంచా వెనిగర్, గుడ్డ మూలతో అద్దితే మళ్ళీ పసుపైంది. అక్కడ ఆపేశా, రుద్దలేదు.

నవంబర్ 3

పసుపుకి శత్రువు ఎండ. చీర మీద పసుపు మరక పడితే ఎండలో ఆరేస్తారు కదా, అదే. రోజూ పొద్దున ఏడు నించి ఎనిమిది దాకా తుండు తీసేసి కారు తూర్పు మొహం పెట్టి ఉంచా, డ్రైవర్ డోర్ తీసి, ఎందుకంటే అద్దంలోంచి వచ్చే ఎండకి అంత పదును ఉండదు. మధ్యాహ్నం ఎండకి మాత్రం పెట్టలేదు, మచ్చ పోయే లోపు తోలు పోతుంది. మూడు వారాలు. రెండు బొట్లు పోయాయి. పైన మధ్యలోది నీడలా ఉంది, తెలిసినవాడికే కనపడుతుంది. బావకి ఫోటో పెడితే, నల్లది తీసుకోమన్నానా లేదా అని ఒక్క ముక్క.

జనవరి 15, 2025, కనుమ

బిగించాక తొమ్మిది వేల కిలోమీటర్లు. కుడిచెయ్యి పట్టుకునే చోట కొంచెం ముదురు రంగు తిరిగింది, పాత బెల్లంలా, అది నాకు నచ్చింది. పైన మచ్చ పూర్తిగా పోయిందని అమ్మ అంటుంది, ఉందని నేనంటా. వచ్చే దసరాకి హారన్ మూత మీద పెట్టుకోమ్మా, ప్లాస్టిక్కే కదా అన్నాను, ఒప్పుకుంది, ఒప్పుకున్నట్టే తల ఊపింది.

ఖర్చు మొత్తం: తోలు 1020, దారం 180, మిషన్ కుట్టు 300, జిగురు, స్పిరిట్, కాగితం కలిపి 260, క్లీనరూ క్రీమూ 700, పారేసిన ప్లాస్టిక్ కవర్ 650, పారేసిన వల తాడు 60. పిన్నికి చీర వేరే, అది లెక్కలో రాయకూడదు.

పండక్కి పిన్ని వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం గారెలు తిన్నాక కారు చూస్తానని వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుంది, డ్రైవింగ్ రాదు, ఊరికే. స్టీరింగ్ లోపలి వైపు వేళ్ళు పెట్టి చుట్టూ ఒక రౌండ్ తిప్పింది, ఎడమ చువ్వ కింద ఆగింది.

"ఇక్కణ్ణించి నువ్వు కుట్టావు కదూ?"

వంగి చూశా. నాలుగైదు కుట్లు వదులై దారం కొద్దిగా లేచింది. నేను రోజూ పట్టుకుంటున్నా, నాకు తెలియలేదు.

"దారం మిగిలిందా?" అంది. ఉంది. సూదులు ఎక్కడ పెట్టానో వెతుకుతున్నా.